నూనె తినే బ్యాక్టీరియా పొడి: మిర్యాలగూడ షెడ్డులో మూడు నెలలు

మిర్యాలగూడలోని మా లారీ మరమ్మతు షెడ్డులో ఏళ్ల తరబడి డీజిలు, ఇంజినాయిలు ఇంకి నల్లబడిన నేలను బాగుచేస్తుందన్న ఆశతో, డబ్బా మీద ‘సముద్రపు బ్యాక్టీరియా’ అని ముద్రించిన పొడిని కిలో తెప్పించి మూడు నెలలు వాడి చూశాను.

చమురును తినే సముద్రజీవులు కట్టుకథ కాదు. ఉత్తర సముద్రంలోని బోర్కుమ్ దీవి పేరుతో 1998లో శాస్త్రవేత్తలు వర్ణించిన ఆల్కానివోరాక్స్ బోర్కుమెన్సిస్ అనే బ్యాక్టీరియా, సబ్బు వంటి పదార్థాన్ని తయారుచేసి చమురును సన్నని బిందువులుగా విడగొట్టి, అందులోని ఆల్కేన్లను (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే పదార్థాలను) ఆహారంగా చేసుకుంటుంది. 1989లో ఎక్సాన్ వాల్దెజ్ ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు అలాస్కా తీరంలో నత్రజని, భాస్వరం ఎరువులు చల్లింది కూడా అక్కడి బ్యాక్టీరియాకు బలమివ్వడానికే. అయితే బోర్కుమెన్సిస్‌కు ఉప్పు కావాలి. సముద్రం కంటికి కనబడని మా నల్గొండ నేలలో అటువంటిది ఎలా బతుకుతుందో డబ్బా మీద ఒక్క ముక్క లేదు. అసలు అందులో ఉన్నది ఏ జాతో కూడా రాయలేదు.

పొడి చల్లిన చోటును, చల్లకుండా వదిలేసిన చోటును ఒకే విధంగా తడిపి, తిరగేసి, రెండింటికీ యూరియా, సూపర్ ఫాస్ఫేటు వేశాను. డీజిలు వాసన రెండు చోట్లా ఒకేలా తగ్గింది కనుక, ఆ పని గాలి, తేమ, ఎరువుల తోడుతో మన నేలలోని సూక్ష్మజీవులే చేసి ఉంటాయని నా అభిప్రాయం. జిగట మరకలు మాత్రం కదలలేదు. ప్యాకింగు బాగుంది. ఐదుకు రెండు మార్కులు; మళ్లీ కొనను.