జిరాలో ఫ్లాగ్ ఫీచర్, మధ్యలో ఆగిపోయే పనులున్న టీములకి బాగా పనికొస్తుంది

భీమవరంలో చిన్న టీమ్ అండి మాది, రొయ్యల రైతులకి యాప్ చేస్తాం, అందరూ కలిపి పదిమంది లోపే కాబట్టి జిరా (టీమ్ పనుల్ని ఒక్కో కార్డుగా బోర్డు మీద చూపించే సాఫ్ట్‌వేర్) ఫ్రీ ప్లానే సరిపోతోంది, 10 మంది యూజర్ల వరకు డబ్బులు కట్టక్కర్లేదు, స్టోరేజ్ 2 జీబీ. జిరా మీద రివ్యూలు బోలెడున్నాయి గానీ నేను ఒక్క విషయమే రాస్తా, ఆగిపోయిన టాస్కుల్ని అది ఎలా చూపిస్తుందనేది. సాఫీగా నడిచే పనిని ఎక్సెల్ షీట్‌లో పెట్టుకున్నా నడుస్తుంది, టూల్ సత్తా తేలేది పని ఆగినప్పుడే.

చాలా టీములు బోర్డు మీద ఆగిన పనులకి బ్లాక్డ్ అని వేరే కాలమ్ పెట్టుకుంటాయి, నాకది అస్సలు నచ్చదు. కార్డు అందులోకి వెళ్ళిందంటే కోడింగ్‌లో ఆగిందో టెస్టింగ్‌లో ఆగిందో తెలీదు, పైగా చేతిలో ఉన్న పనుల లెక్కలోంచి తప్పుకుంటుంది కాబట్టి ఇంకో కొత్త కార్డు ఎత్తుకుంటారు, అదీ ఆగుద్ది, ఇక ఆ కాలమ్ పెరగడమే గానీ తరగడం ఉండదు. కాలవలో గుర్రపుడెక్క ఎక్కడ పేరుకుందో అక్కడే తియ్యాలి కదండీ, లేదంటే శివారు పొలాలకి నీళ్ళందవు, ఇదీ అంతే.

జిరాలో కార్డు మీద మూడు చుక్కలు నొక్కి యాడ్ ఫ్లాగ్ కొడితే కార్డు ఉన్నచోటే ఉండి పసుపు రంగులోకి మారుద్ది, చిన్న జెండా గుర్తొస్తుంది. కాలమ్‌కి ఇన్ని కార్డులే అని లిమిట్ పెట్టుకుంటే ఆగిన కార్డు కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. లిమిట్ దాటితే జిరా ఆపదు, రంగు మార్చి చూపిస్తుందంతే.

మా యాప్‌లో కౌంట్ వారీ రేట్ల స్క్రీన్ ఒకటుంది, కేజీకి 30 రొయ్యలు తూగితే ఒక రేటు, 100 తూగితే ఒక రేటు, రోజూ మారతాయి, ఆ రేట్ల ఫైల్ కొనేవాళ్ళ దగ్గర్నుంచి రావాలి. డిజైన్ అయిపోయింది, ఫైల్ శాంపిల్ రాక కోడ్ సగంలో ఆగింది. ఫ్లాగ్‌తో పాటే కామెంట్ రాసే ఆప్షన్ ఉంటుంది, అక్కడ ఇలా రాశాం: "రేట్ల ఫైల్ శాంపిల్ కావాలి, సోమవారం అడిగాం, మళ్ళీ ఫోన్ చేసేది మేనేజర్ గారు, బుధవారం మధ్యాహ్నానికి రాకపోతే డమ్మీ రేట్లతో స్క్రీన్ పూర్తి చేస్తాం." ఇంత వివరంగా రాయాలండి. వెయిటింగ్ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే నాకు కోపమొస్తుంది, రేపు ఆ కార్డు తీసుకునే కుర్రాడు ఎవర్ని అడగాలి పాపం?

పొద్దున్న స్టాండప్, అంటే టీమంతా కలిసే రోజువారీ మీటింగ్, 15 నిమిషాలే కాబట్టి మేం పసుపు కార్డులతోనే మొదలెడతాం, మిగతావి టైముంటే. స్క్రమ్ అనే పని పద్ధతిలో టీమ్‌కి దారి చూపే మనిషిని స్క్రమ్ మాస్టర్ అంటారు, అడ్డు తొలగేలా చూడటం ఆయన బాధ్యత అని ఆ పద్ధతి రూల్స్ ఉండే స్క్రమ్ గైడ్‌లోనే ఉంది, అలాగని అన్నీ ఆయన నెత్తినే వెయ్యకూడదు, ముందు టీమ్‌లో తేలేవి టీమే తేల్చుకోవాలి, మన చేతిలో లేనివి ఆయనకివ్వాలి.

ఒక టాస్క్ ఇంకో టాస్క్ వల్ల ఆగితే ఈజ్ బ్లాక్డ్ బై అని లింక్ పెట్టొచ్చు, ఇది కూడా బావుంటుంది. కాకపోతే లింక్ పెట్టినంత మాత్రాన ఫ్లాగ్ రాదు, రెండూ విడివిడిగా చెయ్యాలి. వారాంతంలో సెర్చ్‌లో Flagged = Impediment అని కొడితే ఇంకా జెండా ఉన్నవన్నీ ఒకచోట వచ్చేస్తాయి, రెట్రోలో (జరిగిన పనిని వెనక్కి తిరిగి చూసుకునే మీటింగ్) మాట్లాడుకోడానికి అదే చాలు.

ముగ్గురు నలుగురే ఉంటే ట్రెల్లోలో (ఇలాంటిదే, ఇంకా తేలికైన బోర్డు టూల్) ఎర్ర లేబుల్ తగిలించుకున్నా పనైపోద్ది, జిరా సెట్టింగుల గోల అక్కర్లేదు. అంతకన్నా పెద్ద టీమ్ అయితే, బయటోళ్ళ మీద ఆధారపడే పనులుంటే మాత్రం జిరానే తీసుకోండి.

నా రేటింగ్ 5కి 4. ఒకటి ఎందుకు తగ్గించానంటే, అడ్డు తొలగినా ఫ్లాగ్ దానంతటది పోదు, కార్డు డన్‌లోకి, అంటే పూర్తయిన పనుల కాలమ్‌లోకి, వెళ్ళినా జెండా అలాగే ఉంటుంది. జిరాలోనే ఉన్న ఆటోమేషన్‌లో డన్ అవగానే ఫ్లాగ్ తీసెయ్ అని రూల్ రాసుకోవచ్చు, కొత్తగా మొదలెట్టేవాళ్ళు ముందు ఆ రూల్ పెట్టుకోండి.