బియ్యం అంగడి వెబ్‌సైటు, సెర్చ్ కన్సోల్‌లోని రోబోట్స్ నివేదిక: ఒక సమీక్ష

కర్నూలులో కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో మా మేనమామ బియ్యం అంగడి ఉంది. కర్నూలు సోనాను బెంగళూరు, హైదరాబాదులకు పంపే ఆ అంగడి వెబ్‌సైటును చూసుకునే బాధ్యత నాది. సంక్రాంతికి ముందు సైటును కొత్తగా చేయించిన తర్వాత, గూగుల్‌లో వెతికితే అంగడి పేరు మాత్రం కనిపించి, దాని కింద ఈ పేజీ గురించి సమాచారమేదీ అందుబాటులో లేదన్న వాక్యం రాసాగింది. "ఏమిరా అల్లుడూ, మన అంగడికి షట్టరు దించినట్టుందే" అని మామ అడిగిన రోజున నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబును పట్టిచ్చినది, గూగుల్ వెతుకులాటలో సైటు ఎలా కనిపిస్తున్నదో దాని యజమానికి చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సేవ.

సైటు చిరునామా వెనుక ఏటవాలు గీత పెట్టి రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అని చేర్చి తెరిస్తే, ఏ క్రాలరు (వెబ్ పేజీలను తనంతట తానే తిరిగి చదివే ప్రోగ్రాము) ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో చెప్పే చిన్న ఫైలు కనిపిస్తుంది. 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ పద్ధతి 2022 సెప్టెంబరులో ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9309గా వెలువడింది. మా ఫైలులో ఉన్నవి రెండే వరుసలు: "యూజర్-ఏజెంట్: *", "డిస్అలౌ: /". ఆ చివరి గీత ఉంటే సైటు మొత్తానికి అడ్డుకట్ట పడుతుంది. దాన్ని తీసేసి ఆ వరుసను ఖాళీగా వదిలితే అంతా తెరిచినట్టే. సైటు తయారుచేసినవారు ప్రయోగ దశలో పెట్టిన గీతను తీయడం మరచిపోయారు.

సెర్చ్ కన్సోల్ సెట్టింగ్స్‌లో ఉండే రోబోట్స్ నివేదిక ఆ ఫైలును గూగుల్ చివరిసారి ఎప్పుడు తీసుకున్నదీ, ఫైలు దొరికిందా లేదా అన్నదీ, ఏ వరుసలో తప్పున్నదీ చూపుతుంది. దిద్దిన ఫైలును గూగుల్ గమనించడానికి మామూలుగా 24 గంటల వరకు పట్టవచ్చు గనుక, వెంటనే మళ్లీ తీసుకొమ్మని కోరే సదుపాయం అక్కడే ఉండడం నాకు ఎంతో ఉపకరించింది. అయితే ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచినది యూఆర్ఎల్ తనిఖీ. ఒక్కో పేజీ చిరునామా ఇస్తే, దానికి క్రాలింగ్ అనుమతి ఉందో లేదో అది సూటిగా చెబుతుంది.

దాని విలువ నా పొరపాటు వల్లనే తెలిసింది. అందరికీ వర్తించే నక్షత్రం గుర్తు కింద బిల్లుల పేజీలను, ఆర్డర్ల పేజీలను మూసి ఉంచాను. తర్వాత పాత ధరల పట్టికను గూగుల్‌కు చూపకూడదని గూగుల్ క్రాలరైన గూగుల్‌బాట్ పేరుతో వేరే విభాగం రాసి, అందులో ఆ ఒక్క వరుసే పెట్టాను. తన పేరుతో విభాగం ఉన్న క్రాలరు దాన్నే పాటిస్తుంది తప్ప నక్షత్రం విభాగాన్ని లెక్కలోకి తీసుకోదు. బిల్లుల పేజీకి అనుమతి ఉందని తనిఖీలో కనిపించేవరకు ఆ సంగతి నాకు తట్టలేదు. ఫైలును పదిసార్లు చదివినా తట్టేది కాదేమో.

లోటు లేకపోలేదు. నియమాలను అక్కడికక్కడే మార్చి పరీక్షించుకోవడానికి వీలిచ్చిన పాత టెస్టరును 2023 చివర్లో తొలగించి, దాని స్థానంలో ఈ నివేదికను తెచ్చారు. చిన్న సైట్లవారికి ఆ పాతదే ఎక్కువ అక్కరకు వచ్చేదని నా అభిప్రాయం. పైగా ఇది గూగుల్ క్రాలర్ల మాటే చెబుతుంది. ఓపెన్‌ఏఐ వారి జీపీటీబాట్, ఆంత్రోపిక్ వారి క్లాడ్‌బాట్, కామన్ క్రాల్ వారి సీసీబాట్ వంటి ఇతర క్రాలర్లు మన సైటుకు రావచ్చునో లేదో తెలియాలంటే ఫైలును మనమే తెరిచి, ఆ పేర్లతో విభాగాలున్నాయేమో చూసుకోవలసిందే.

సొంత సైటు ఉన్న ప్రతి వ్యాపారీ ప్రకటనలకు డబ్బు పెట్టడానికి ముందే ఈ తనిఖీ చేయించుకోవాలని గట్టిగా చెబుతాను. కానీ రోబోట్స్ ఫైలు వినతి మాత్రమే. అది తాళం కాదు. దాన్ని ఎవరైనా తెరిచి చదవవచ్చు గనుక, మూసిన పేజీల దారిని అదే బయటపెడుతుంది. కొనుగోలుదారుల ఫోన్ నంబర్లున్న మా ఆర్డర్ల పేజీకి పాస్‌వర్డ్ పెట్టించి, ఆ తర్వాత ఆ వరుసను ఫైలులోంచి తీసేశాను.