పాత సిటీ వీటెక్: ఏ పని ఇంట్లో, ఏ పని షెడ్డులో

హోండా సిటీ వీటెక్‌ను స్పోర్ట్స్ కారంటే నవ్వేవాళ్ళుంటారు. నాలుగు డోర్లు, వెనక పెద్ద డిక్కీ, పెళ్ళిళ్ళకు పోయే ఫ్యామిలీ బండి వాలకం. కానీ 1.5 లీటర్ల ఇంజిన్‌లో 106 హార్స్‌పవర్, అదీ ఇరవై ఏళ్ళ కిందట! వీటెక్ అంటే ఇంజిన్ వేగం పెరిగాక వాల్వులు ఇంకా ఎక్కువ తెరుచుకునే ఏర్పాటు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి ఐదు వేల ఆర్‌పీఎం దాటిస్తే ఇంజిన్ గొంతే మారిపోతుంది. ఆ గొంతు కోసమే నా 2001 మోడల్‌ను ఇంతవరకూ అమ్మలేదు. ఉండేది అనంతపురంలో. ఇన్నేళ్ళలో కొన్ని పనులు ఇంటి ముందు నేనే చేసుకున్నాను, కొన్ని షెడ్డులో చేయించాను. రెండింటి మంచీ చెడ్డా చెప్తాను.

మా ఊరి మేస్త్రీల చేతిపనికి వంక పెట్టలేం. ట్రాక్టర్లు, బోరు లారీల మీద పని నేర్చుకున్నవాళ్ళు. పొద్దున ఇంజిన్ దించి సాయంత్రానికి ఎక్కించేస్తారు. చిక్కంతా జబ్బు కనిపెట్టే దగ్గరే. ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఉన్న పాత పెట్రోలు బండి వస్తే చాలామంది అంచనా మీద పార్టులు మారుస్తారు. ఇది మార్చినా తగ్గలేదా, ఇంకోటి మారుద్దాం అంటారు. డబ్బులు మనవి కదా.

ఒక ఎండాకాలం నా బండికి వింత రోగం పట్టుకుంది. మధ్యాహ్నం టవర్ క్లాక్ దగ్గర ఎండలో నిలిపి, పని చూసుకొని వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. నాలుగు డోర్లూ తెరిచి కాసేపు ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డులో చూపిస్తే "ఫ్యూయల్ పంపు పోయింది సార్" అన్నారు. పంపు మార్చారు, బిల్లు కట్టాను, రోగం అలాగే ఉంది. తర్వాత ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మారుద్దామన్నారు. వద్దని చెప్పి బండి ఇంటికి తెచ్చేశాను.

ఆ కాలపు హోండాల్లో డాష్‌బోర్డు కింద మెయిన్ రిలే అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. ఫ్యూయల్ పంపుకు కరెంటు దాని గుండానే పోవాలి. తాళం ఆన్ చేయగానే వెనక నుంచి పంపు రెండు సెకన్లు గుయ్యిమని ఆగాలి. బండి మొరాయించినప్పుడల్లా ఆ చప్పుడు లేదు. రిలే ఊడదీసి, మూత తీసి, భూతద్దం పెట్టి చూస్తే బోర్డు మీద ఒక పిన్ను చుట్టూ వెంట్రుక మందాన గుండ్రటి చీలిక. కారు లోపల వేడెక్కితే అక్కడ టంకం విడిపోతుంది, చల్లబడితే మళ్ళీ ఆనుకుంటుంది. సోల్డరింగ్ ఐరన్‌తో పాత టంకం కరిగించి కొత్తది పోశాను. అంతే, మళ్ళీ ఆ గొడవ రాలేదు. పంపు బిల్లు మాత్రం ఇంకా గ్లవ్‌బాక్సులో ఉంది.

కాబట్టి పని ఎవరు చేసినా, ఏం పోయిందో తేల్చేది ఇంట్లోనే. ఈ బండికి లోపాల కోడ్ చదివే స్కానర్ కూడా అక్కర్లేదు. పరీక్ష కోసమే ఇచ్చిన సర్వీస్ కనెక్టర్‌లో ఉన్న రెండు పిన్నులనూ చిన్న తీగతో కలిపితే చెక్ ఇంజిన్ లైటు మెరుస్తుంది. పొడవు మెరుపులు పదులు, పొట్టివి ఒకట్లు. లెక్కపెట్టుకుంటే కోడ్ తెలిసిపోతుంది. చేతిలో కోడ్‌తో షెడ్డుకు పోతే మాట తీరే వేరు.

టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి సందు సరిచేయడం, నేనే చేసుకుంటాను. సిలిండర్ హెడ్ 38 డిగ్రీల లోపు ఉన్నప్పుడే చేయాలని హోండా నియమం. మే నెలలో మన దగ్గర గాలే అంతకంటే వేడి! అందుకే తెల్లవారుజామున, బండి రాత్రంతా నిలిచి ఉన్నప్పుడు మొదలుపెడతాను. పదహారు వాల్వులు, ఇన్‌టేక్ వైపు సుమారు 0.20 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 0.25. సందు కొలిచే రేకు, ఫీలర్ గేజ్, సన్నగా పట్టినట్టు జరగాలి, ఇరుక్కోకూడదు. షెడ్డులో ఈ పని వేడి ఇంజిన్ మీదే, చెవితో చేసేస్తారు. చప్పుడు లేకపోతే సెట్టింగ్ బాగున్నట్టు లెక్క. టాపెట్లు మరీ బిగుతైతే వాల్వులు కాలిపోతాయి కాబట్టి నాకు ఆ లెక్క నచ్చదు.

గేర్‌బాక్స్ ఆయిలూ అంతే. ఒకసారి షెడ్డులో అలవాటు ప్రకారం నైంటీ ఆయిల్, అంటే చిక్కటి గేర్ ఆయిల్, పోశారు. ఈ గేర్‌బాక్స్‌కు పల్చటి ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్) కావాలి. పొద్దున్నే రెండో గేరు వేయడానికి చెయ్యి నొప్పి పుట్టేది. రెండు లీటర్లు కూడా పట్టదు, మార్చడం తేలిక. కాకపోతే ముందు పైన పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకొని, ఆ తర్వాతే కింద డ్రెయిన్ ప్లగ్ విప్పాలి. పై బోల్టు పట్టేస్తే ఖాళీ గేర్‌బాక్స్‌తో కూర్చోవాల్సిందే.

బ్రేక్ ప్యాడ్లు, ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగ్, వాల్వ్ కవర్ గాస్కెట్ కూడా ఇంటిపనులే. రేడియేటర్‌లో మాత్రం బోరు నీళ్ళు పోయనివ్వకండి. మన నీళ్ళలో ఉప్పు సంగతి తెలిసిందే.

టైమింగ్ బెల్టు పూర్తిగా షెడ్డు పని. లక్ష కిలోమీటర్లకోసారి మార్చాలి. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. నీళ్ళ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది కాబట్టి రెండూ కలిపి మార్చడం మేలు. ఆ బెల్టు తీయాలంటే విప్పాల్సిన క్రాంక్ పుల్లీ బోల్టు ఎంత బిగుతో హోండా నడిపేవాళ్ళందరికీ తెలిసిందే. పుల్లీని కదలకుండా పట్టడానికి 50 మిల్లీమీటర్ల ఆరు పలకల హోల్డర్ కావాలి. అది లేత్ షాపులో చేయించి మేస్త్రీకే ఇచ్చేశాను. వీల్ బేరింగులకు ప్రెస్ కావాలి, ఏసీకి గ్యాస్ మెషిన్ కావాలి, వాటి జోలికీ పోను.

ఇంట్లో చేసుకునేవాళ్ళకు అసలు కష్టం పార్టులు. ఊళ్ళో దొరక్కపోతే స్పేర్ పార్టుల షాపులుండే బెంగళూరు జేసీ రోడ్డుకు పోవాల్సిందే, రెండు వందల కిలోమీటర్ల పైమాట. విప్పిన కారు అక్కడికి తీసుకుపోదు. పార్టు చేతికి రానిదే నేను బోల్టు కదపను. డబ్బు బాగా మిగులుతుందనుకుంటే పొరపాటు, బోల్టు ఎంత బిగించాలో కొలిచి చెప్పే మంచి టార్క్ రెంచ్‌కే కొన్నేళ్ళ లేబర్ పోతుంది. అయినా కొనండి. అల్యూమినియం హెడ్‌లో ప్లగ్గుకు 18 న్యూటన్ మీటర్లు చాలు, ట్రాక్టర్ చెయ్యి పడితే మర పోతుంది.

నాకిప్పుడు క్లచ్ పని వచ్చింది. గేర్‌బాక్స్ దించాలి కాబట్టి షెడ్డుకే ఇస్తున్నాను. ఎంటీఎఫ్ డబ్బా మాత్రం నేనే పట్టుకుపోతున్నా.