వాడిన ఫిషింగ్ కయాక్ కొంటున్నారా? లీకుకు సిలికాన్ పూసి అంటగడుతున్నారు, జాగ్రత్త

ఫ్రెండ్స్, సెకండ్ హ్యాండ్‌లో ఫిషింగ్ కయాక్ చూస్తున్నవాళ్లు డబ్బులు చేతిలో పెట్టేముందు ఇది చదవండి. నాకు అమ్మిన మనిషి "లోపలికి చుక్క నీరు రాదు, గ్యారంటీ" అన్నాడు. పడవ కూడా చక్కగా కడిగి తుడిచి మెరుస్తూ ఉంది. తీరా నీళ్లలో దిగి కొంచెం దూరం పోయాక వెనక భాగం బరువెక్కింది, మలుపు తిప్పినప్పుడల్లా లోపల నీళ్లు అటు నుంచి ఇటు పరుగెత్తుతున్న చప్పుడు. ఒడ్డుకు లాక్కొచ్చి వెనకున్న డ్రెయిన్ ప్లగ్ విప్పితే ధార ఎంతకీ ఆగలేదు.

కాసిని నీళ్లే కదా, స్పాంజితో తోడేద్దాం అనుకునే విషయం కాదిది. లీటరు నీరు అంటే కిలో బరువు, 20 లీటర్లు చేరితే 20 కిలోలు, పైగా అది ఒకచోట నిలిచే బరువు కాదు. పడవ ఏ వైపు ఒరిగితే నీళ్లన్నీ ఆ వైపుకే పోయి ఇంకా ఒరిగేలా చేస్తాయి. చేప పడి మనం పక్కకు వంగిన క్షణంలోనే ఇది జరిగితే బోల్తా పడటమే. లైఫ్ జాకెట్ లేకుండా కొత్తగా కొన్న కయాక్‌ను లోతుకు తీసుకెళ్లకండి, దయచేసి.

నా పడవలో లీకు ఎక్కడంటే, సీటు దగ్గరున్న స్కప్పర్ గొట్టంలో. పైన కూర్చునే రకం కయాక్‌లలో డెక్ (మనం కూర్చునే పై భాగం) మీద పడ్డ నీళ్లు కిందకు పోవడానికి ఆ రంధ్రాలు ఉంటాయని తెలిసిందే. వాటిలోంచి డెక్ మీదకు కొంచెం నీరు ఎక్కడం మామూలే, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. కానీ ఆ గొట్టం గోడ పగిలితే నీరు నేరుగా హల్ (పడవ బోలు శరీరం) లోపలికి పోతుంది. స్కప్పర్లలో కడ్డీలు దూర్చి మోసే చక్రాల బండి ఉంటుంది చూడండి, సామాను అంతా పడవలోనే ఉంచి దాని మీద గతుకుల్లో లాగితే బరువంతా ఆ గొట్టాల మీదే పడి బీటలు వస్తాయి. నాకు అమ్మినతను ఆ బీట మీద సిలికాన్ పూసి, పడవ రంగుకు దగ్గరగా ఏదో పెయింట్ రాసి, పైన స్కప్పర్ ప్లగ్ బిగించి పెట్టాడు. ప్లగ్ తీసి గోటితో అంచు లేపితే ఆ పూతంతా ఒకే పొరగా ఊడొచ్చింది, దాని కింద వేలెడు పొడవున పగులు.

అది ఊడక ఏమవుతుంది? ఈ పడవల్లో ఎక్కువ భాగం పాలిథిలిన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి, దానికి సిలికాన్ గానీ మామూలు గమ్ గానీ ఫైబర్ గ్లాస్ రెజిన్ గానీ గట్టిగా పట్టుకోవు. అందుకే ఎక్కడైనా మెత్తటి పూత, అనవసరమైన చోట స్టిక్కర్, కొత్తగా వేసిన రంగు కనిపిస్తే వెంటనే అనుమానించండి. పడవను తిరగేసి ప్రతి స్కప్పర్ లోపలా టార్చ్ వేసి చూడండి. అడుగున వెనక కొస కూడా చూడండి, నేల మీద ఈడ్చిన పడవ అయితే అక్కడే ప్లాస్టిక్ అరిగి పల్చబడుతుంది. రాడ్ హోల్డర్లు, హ్యాండిళ్లు, ఫిష్ ఫైండర్ (నీళ్లలో చేపల జాడ చూపే పరికరం) వైర్ దూర్చిన రంధ్రం, ఇవన్నీ చేత్తో కదిపి చూడండి. పాత యజమాని సొంతంగా బిగించుకున్న ప్రతి స్క్రూ నీళ్లకు ఒక దారే.

కళ్లతో చూసినంత మాత్రాన తేలదు. రెండు స్టాండ్ల మీద పడవను పెట్టించి, అడుగు బయట పొడిగా తుడిచి, హ్యాచ్ (డెక్ మీద మూత ఉన్న ద్వారం) లోంచి కొన్ని బకెట్ల నీళ్లు పోసి ముందుకూ వెనక్కూ పక్కలకూ వంచండి. పగులు ఉంటే బయట చెమ్మ కనిపిస్తుంది. నిండా మాత్రం పోయకండి, ఆ బరువుకు హల్ వంగిపోతుంది. డెక్ వైపు లీకులు ఇలా దొరకవు, వాటికి గాలి పద్ధతే మంచిది. హ్యాచ్‌లు మూసి, డ్రెయిన్ రంధ్రం దగ్గర వాక్యూమ్ క్లీనర్ గాలి వదిలే వైపు పెట్టి చుట్టూ గుడ్డ కుక్కి, పడవంతా సబ్బు నీళ్లు రాయండి. బుడగలు ఎక్కడ లేస్తే లీకు అక్కడే. హ్యాచ్ మూత చుట్టూ లేచే బుడగలు చూసి కంగారు పడకండి, చాలా మూతలు పూర్తిగా గాలి ఆపవు. ఎయిర్ కంప్రెసర్ మాత్రం వాడొద్దు, ఒత్తిడి ఎక్కువై అతుకుల దగ్గర చీలిపోగలదు.

ఇప్పటికే ఇలాంటిది కొనేసి ఉంటే, స్క్రూల దగ్గరి లీకు తేలికే. ఫిట్టింగ్ విప్పి, పాత పూత మొత్తం గీకేసి, కింద బ్యూటైల్ టేప్ (జిగటగా ఉండే రబ్బరు టేపు) పెట్టి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. హ్యాచ్ అయితే రబ్బరు మార్చండి. పగులుకు మాత్రం ప్లాస్టిక్ వెల్డింగ్ ఒక్కటే నమ్మదగ్గ దారి. పగులు రెండు కొసల్లోనూ చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా పాకదు, తర్వాత పగులు వెంట గాడి తీసి అదే రకం ప్లాస్టిక్ కడ్డీని కరిగించి నింపాలి. పైన పూసినట్టు కాకుండా అడుగు ప్లాస్టిక్ కూడా కరిగి కడ్డీతో కలవాలి, లేకపోతే అదీ ఊడుతుంది. అన్ని పాలిథిలిన్లూ ఇలా కరగవు, క్రాస్‌లింక్డ్ రకం (లోపలి అణువులు ఒకదానికొకటి ముడిపడి ఉండి, వేడికి కరగనిది) అయితే వెల్డింగ్ కుదరదు. కాబట్టి పడవ ఏ ప్లాస్టిక్‌దో కొనేముందే అడిగి తెలుసుకోండి. స్కప్పర్ గొట్టం లోపలి పగులుకు చెయ్యి కూడా సరిగ్గా ఆడదు, నాది అనుభవం ఉన్న వెల్డర్ దగ్గరకే తీసుకెళ్లాల్సి వచ్చింది.

అమ్మినతనికి ఫోన్ చేస్తే "నేను ఇచ్చినప్పుడు బాగానే ఉంది" అని పెట్టేశాడు, ఊడొచ్చిన సిలికాన్ ఫొటో పంపితే జవాబే లేదు. మీరు బేరానికి వెళ్లినప్పుడు నీళ్ల పరీక్ష చేస్తానని ముందే ఫోన్‌లో చెప్పండి. "ఇప్పుడు కుదరదు, కావాలంటే ఇంకొంచెం తగ్గిస్తా" అంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి.