ఊరి ఆస్తి అమ్మకానికి పెడితే ఏది మేలు: కోర్టా, ఓటా?

2025 ఉగాది నాడు హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో ప్రభుత్వ భూమిని చదును చేయడానికి బుల్డోజర్లు దిగినప్పుడు అందరికీ వచ్చిన ప్రశ్న ఒకటే, దీన్ని ఆపేదెవరు? నాలుగు రోజుల్లో జవాబు దొరికింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుని చెట్లు కొట్టడం ఆపించింది. అప్పటికే 400 ఎకరాల్లో వంద ఎకరాల దాకా చదును చేసేశారు. కోర్టు కదలకపోతే ఇంకెంత పోయేదో. అందుకే వెంటనే ఆపడం అంటే కోర్టే, ఇందులో నాకు రెండో మాట లేదు.

అయితే కోర్టు అక్కడ అడిగింది ఏమిటో చూడండి. చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకున్నారా లేదా అని. ఆ భూమి అమ్మాలా వద్దా అన్నది వేరే ప్రశ్న, దాన్ని తేల్చడం కోర్టు పని కాదు. అదే భూమి పాత కథ గుర్తు చేసుకుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2003లో ఆటల అకాడమీ పేరుతో ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు, తర్వాత వచ్చిన ప్రభుత్వం 2006లో రద్దు చేసింది, కంపెనీ కోర్టుకెక్కింది, చివరికి 2024లో హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ ప్రభుత్వమే గెలిచింది. అన్నేళ్ల కేసులో తేలింది భూమి ఎవరిదన్నదే. ప్రభుత్వానిదే అని తేలింది, ఏడాది తిరక్కుండా అదే ప్రభుత్వం వేలం ఏర్పాట్లలో పడింది. ఈ ఇరవై ఏళ్లలో ఆ చుట్టుపక్కల బతికేవాళ్లను, పక్కన యూనివర్సిటీలో చదివే పిల్లలను, "అమ్మమంటారా, ఉంచమంటారా" అని ఓటు పెట్టి ఎవరూ అడగలేదు, అడగాలని మన చట్టంలో ఎక్కడా లేదు కూడా.

జర్మనీలో ఉంది. జనం సంతకాలు సేకరించి ఒక ప్రశ్నను ఓటుకు పెట్టించవచ్చు. నాకు బాగా నచ్చిన ఉదాహరణ బెర్లిన్ నీళ్ల కంపెనీది. 1999లో నగర ప్రభుత్వం ఆ కంపెనీలో 49.9 శాతం వాటాను ఆర్‌డబ్ల్యూఈ, వివెండి (తర్వాత వెయోలియా) అనే రెండు ప్రైవేటు కంపెనీలకు అమ్మింది, ఒప్పందాలు మాత్రం రహస్యంగా ఉంచింది. జనం "ముందు ఆ కాగితాలు బయటపెట్టండి" అని సంతకాలు మొదలుపెడితే, 2008లో ప్రభుత్వం ఈ అర్జీయే చెల్లదంది. వాళ్లు బెర్లిన్ రాజ్యాంగ కోర్టుకు వెళ్లారు, 2009లో గెలిచారు, మళ్లీ వీధుల్లో నిలబడి రెండున్నర లక్షలకు పైగా సంతకాలు తెచ్చారు. 2011 ఫిబ్రవరిలో ఓటింగ్ జరిగితే ఓటేసినవాళ్లలో 98 శాతం అవునన్నారు. మూడేళ్లు తిరక్కుండా నగరం ఆ వాటాలు తిరిగి కొనేసుకుంది, కాకపోతే రెండింటికీ కలిపి 120 కోట్ల యూరోలు పోయాల్సి వచ్చింది. అమ్మకముందే అడిగి ఉంటే ఆ ఖర్చు ఉండేదా?

ముందే అడిగితే ఏమవుతుందో చూడాలంటే 2006లో జర్మనీలోనే రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. డ్రెస్డెన్ తన మున్సిపల్ ఇళ్లు దాదాపు 48 వేలు ఒక అమెరికన్ పెట్టుబడి సంస్థకు అమ్మేసి అప్పులన్నీ తీర్చేసింది, అప్పట్లో చాలామంది మెచ్చుకున్నారు కూడా. తర్వాత అద్దెకున్నవాళ్ల రక్షణకు రాసుకున్న షరతులు కొన్న కంపెనీ పాటించలేదంటూ నగరమే వందకోట్ల యూరోలకు పైగా దావా వేసి, 2012లో అందులో చిన్న వంతుకు రాజీ పడింది, ఆ తర్వాత 2017లో మళ్లీ సొంత ఇళ్ల సంస్థ పెట్టుకుంది. ఫ్రైబుర్గ్‌లో కూడా అదే ఏడాది మున్సిపల్ ఇళ్లు అమ్ముదామన్నారు, కానీ అక్కడ జనం నవంబర్‌లో ఓటు పెట్టించారు, 70 శాతం వద్దన్నారు, అమ్మకం ఆగిపోయింది.

ఓటుకు లోపాలు లేవని కాదు. సంతకాలకు నెలలు పడుతుంది, బుల్డోజర్ అన్ని నెలలు ఆగదు. గెలిచినా అయిపోయిందనుకోవడానికి లేదు. బెర్లిన్‌లో పాత టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం మైదానంలో ఏమీ కట్టకూడదని 2014లో 64 శాతం ఓటుతో చట్టం తెచ్చుకుంటే, 2016లో శాసనసభ శరణార్థుల వసతి కోసమని దాన్ని సవరించింది. 2021లో పెద్ద కంపెనీల చేతిలో ఉన్న ఇళ్లను ప్రజాపరం చేయాలని 59 శాతం ఓటేశారు, కానీ ఆ ప్రశ్నలో సొంతంగా చట్టం రాసి పెట్టలేదు కాబట్టి ప్రభుత్వానికి కట్టుబడాల్సిన అవసరం లేకుండా పోయింది. ఓటుకు పెట్టే వాక్యం ఎలా రాశారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది, సంతకాలకన్నా ముందు మంచి లాయరు కావాలి.

నన్నడిగితే ఓటే మేలు. కోర్టు పద్ధతి తప్పిందా అని చూస్తుంది, అన్ని అనుమతులూ సరిగ్గా తెచ్చుకున్నవాడు మీ ఊరి చెరువు పక్క పార్కును అమ్మేస్తే పిటిషన్‌లో మీరు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఓటు మాత్రం అసలు ప్రశ్నే అడుగుతుంది. కానీ కోర్టు తోడు లేకుండా ఓటు నిలబడదని బెర్లిన్ నీళ్ల కేసే చూపించింది.

మన దేశంలో జనాన్ని అడగడం కుదరదు అనేవాళ్లకు నియమగిరి గుర్తు చేస్తాను. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, గనుల సంగతి గ్రామసభలకే వదిలింది. ఒడిశా కొండల్లో 12 గ్రామసభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి, బాక్సైట్ తవ్వకం ఆగింది. అక్కడి గిరిజనులైన డోంగ్రియా కొంధులకు అడవి హక్కుల చట్టం ఉంది కాబట్టి అది సాధ్యమైంది. గచ్చిబౌలిలోనో గుంటూరులోనో ఉండేవాళ్లకు అలాంటి చట్టం లేదు. మున్సిపల్ చట్టాల్లో ఒక్క సెక్షన్ చేర్చమని అడగాలి: ఇన్ని ఎకరాలు దాటిన ప్రభుత్వ భూమిని అమ్మాలంటే ముందు ఆ వార్డుల్లో ఓటు పెట్టాలి, ఓటు ముగిసేదాకా అక్కడ ఒక్క చెట్టు కూడా కొట్టకూడదు.