ఫ్రిక్షన్ స్టిర్ వెల్డ్ లోపం పట్టాలంటే: బలమా, వేడా, చప్పుడా?

ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌లో లోహం కరగదు. గిరగిరా తిరిగే టూల్ రాపిడితో దాన్ని మెత్తబరిచి, రెండు అంచుల్నీ కలిపి కలియబెడుతుంది. 1991లో ఇంగ్లండ్‌లోని ద వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన పద్ధతి ఇది. ఆర్క్ ఉండదు, నిప్పురవ్వలు ఉండవు. లోపల తప్పు జరుగుతున్నా కంటికి తెలియదు. పైకి నున్నగా ఉన్న అతుకు కింద సొరంగంలా ఖాళీ ఉండిపోవచ్చు.

వెల్డ్ జరుగుతుండగానే దీన్ని పట్టడానికి నా ఓటు టూల్ మీద పడే బలానికి, టార్క్‌కే (అంటే టూల్‌ను తిప్పడానికి పట్టే మెలి బలానికే). పిన్ (టూల్ కొసన లోహంలోకి దిగే మొన) వెనక లోహం సరిగా నిండకపోతేనే ఆ ఖాళీ ఏర్పడుతుంది. ఆ తేడా ప్రతి చుట్టులోనూ బలం ఊగే తీరులో కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. టూల్ నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 20 చుట్లు. సెకనుకు ఒక్క కొలత తీసుకుంటే చుట్టు లోపలి ఊపు చేతికి రాదు, లోపం గుర్తు తప్పిపోతుంది. ఒక్కో చుట్టుకు పదుల కొలతలు కావాలి.

ఫోర్స్ సెన్సర్ ఖర్చు భరించలేనివాళ్లు స్పిండిల్ (టూల్‌ను తిప్పే ఇరుసు) మోటార్ కరెంటుతో మొదలుపెట్టొచ్చు. పెద్ద మార్పులు తెలుస్తాయి, చిన్నవి స్పిండిల్ జడత్వంలో మాసిపోతాయి.

వేడి కొలత సంగతి వేరు. మెరిసే అల్యూమినియం మీద ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చెప్పే అంకెను నమ్మడం కష్టం. పైగా అసలు చోటును టూల్ షోల్డరే (పిన్ పైన ఉండే వెడల్పాటి భాగం) కప్పేస్తుంది. పొడవైన వెల్డ్‌లో కింది ప్లేటు క్రమంగా వేడెక్కడం గమనించడానికి మాత్రం థర్మోకపుల్ (తాకి వేడిని కొలిచే తీగ సెన్సర్) బాగా పనికొస్తుంది. చప్పుడు వినే అకౌస్టిక్ సెన్సర్ టూల్ విరిగితే వెంటనే పట్టేస్తుంది, కానీ మెషీన్ రొద నుంచి లోపాన్ని విడదీయడం తలనొప్పి. మామూలు కెమెరాకు పైన ఉన్న ఫ్లాష్ (అంచుల్లో పొంగిన లోహం), గాడులు తప్ప ఏమీ కనిపించవు.

నన్ను టెన్షన్ పెట్టేది కిస్సింగ్ బాండ్. రెండు ముక్కలూ అడుగున తాకుతాయి, అతుక్కోవు. మధ్యలో ఖాళీయే లేదు కాబట్టి ఎక్స్‌రేకి దొరకడం కష్టం, బలం సిగ్నల్‌లోనూ స్పష్టంగా కనిపించదు. ఫేజ్డ్ ఎరే అల్ట్రాసోనిక్ (ధ్వని తరంగాలతో లోపల వెతికే పరీక్ష) కొంత నయం, అదీ అన్నిసార్లూ పట్టదు. అందుకే ఏ సెన్సర్ పెట్టినా పిన్ ఎంత లోతుకు దిగుతోందో కొలవడం, నమూనా ముక్కను అడుగు వైపు సాగేలా వంచి చూడడం మానకండి. అతుక్కోని చోటు ఆ వంపులో విచ్చుకుంటుంది.