ముషీరాబాద్ షెడ్డులో మా ఫియట్: నాలుగు నెలల మరమ్మతు, శ్రీశైలం ప్రయాణం

ముషీరాబాద్ ప్రధాన రహదారి నుంచి రెండు సందులు లోపలికి వెళితే, బోర్డు కూడా లేని ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. ఫియట్, అంబాసిడర్ తప్ప మరో బండిని అక్కడ ముట్టుకోరు. మా నాన్నగారు 1986లో కొని, చూపు మందగించాక నడపడం మానేయడంతో ఆరేళ్లుగా పద్మారావునగర్‌లోని మా ఇంటి వేపచెట్టు కింద ఉండిపోయిన, అందరూ ఫియట్ అనే పిలిచే ప్రీమియర్ పద్మినిని గత నవంబరులో క్రేన్ బండితో లాగించి ఆ షెడ్డుకు చేర్చాను. మార్చి నెలాఖరున అదే బండిలో నాన్నగారితో శ్రీశైలం వెళ్లి వచ్చాను. ఇంజిన్, బ్రేకులు, బాడీ రేకు విషయంలో ఆ షెడ్డును నిశ్చింతగా నమ్మవచ్చు. గడువు విషయంలోనూ, వైరింగు విషయంలోనూ మాత్రం నమ్మకూడదు.

షెడ్డు నడిపే పెద్దాయనను అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. మొదటిరోజు నేను రంగు గురించి అడిగితే, "ముందుగాల నడవనీయండి సార్, రంగు ఎప్పుడైనా ఏస్కోవచ్చు" అని, డ్రైవరు సీటు ముందున్న రబ్బరు మ్యాటును పైకి లేపారు. స్క్రూడ్రైవరు పిడితో రేకును అంగుళం అంగుళం తట్టుకుంటూ వచ్చి, క్లచ్ పెడల్ కింద చప్పుడు మారిన చోట ఆగి, దాన్ని తిప్పి మొనతో నొక్కారు. అది ఏ అడ్డూ లేకుండా కిందికి దిగిపోయింది, ఆ రంధ్రంలోంచి నేల కనిపించింది. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు ఎండిపోయి, ఏళ్ల తరబడి వాన నీరు మ్యాటు కిందికి చేరడమే దానికి కారణం. అంతకు చాలా ఏళ్ల ముందు మరొక చోట ఇదే తుప్పు మీద పుట్టీ పూసి, రంగు వేసి, డబ్బు తీసుకున్నారు. ఇక్కడ మాత్రం చెడిన రేకునంతా కోసి తీసేసి, కొత్త రేకు వెల్డింగు చేసి, కింది వైపు తారు పూత వేసిన తరువాతే పైపని మొదలుపెట్టారు. టింకరింగు, అంటే రేకు బాగుచేసే పనిలో నిజాయితీ అంటే ఇదేనని నా అభిప్రాయం.

ఫియట్ 1100 ఆధారంగా ముంబై కుర్లాలో తయారైన ఈ కారుకు 1089 సీసీ పెట్రోలు ఇంజిన్, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు ఉంటాయి. తయారీ ఆగిపోయి పాతికేళ్లు కావస్తున్నా, సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో ఓపికగా తిరిగితే కావలసినవి చాలా వరకు దొరుకుతున్నాయి. అరిగిన సిలిండర్లను లేత్ షాపులో రీబోర్ చేయించి, అంటే లోపల కాస్త వెడల్పు చేయించి, ఆ కొలతకు తగిన ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు, క్లచ్ ప్లేటు వేశారు. రేడియేటరును విప్పి, గొట్టాల్లో పేరుకున్న మడ్డిని కడ్డీలతో తీసే రాడ్డింగ్ చేయించారు.

అయితే వీటన్నిటికంటే నేను ఎక్కువ విలువిచ్చేది మొత్తం ఖర్చులో 3,400 రూపాయలకు మించని ఒక చిన్న పనికి. ట్యాంకు నుంచి, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్ దాకా వెళ్లే పాత రబ్బరు పైపును ఉస్తాద్ బ్లేడుతో నిలువుగా చీల్చి నా చేతికిచ్చి, లోపలి వైపు గోటితో గీకమన్నారు. గీకగానే నల్లటి పొర తడిసిన అట్టలా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాతకాలపు రబ్బరును అది ఉబ్బించి మెత్తబరుస్తుంది, ఆ పైన తేమను పీల్చుకుని ట్యాంకు లోపల తుప్పుకు దారితీస్తుంది. ఊడిన ముక్కలు కార్బురేటర్‌లో జెట్టు అనే సన్నని రంధ్రంలో చిక్కుకుంటే బండి ఆగిపోతుంది, మెత్తబడిన పైపు పగిలితే వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిందుతుంది. అందుకే ఆయన ట్యాంకు దించి కడిగించి, ఇథనాల్‌ను తట్టుకునే పైపులు, పెట్రోలు పంపుకు కొత్త డయాఫ్రమ్ (పెట్రోలును లాగే పొర) వేశారు. పాత కారు బాగుచేయిస్తున్న ప్రతి ఒక్కరూ, ఏ మెకానిక్ దగ్గరైనా సరే, ఈ పనిని అడిగి చేయించుకోవాలని నా మనవి.

ఇక లోపాల సంగతి. ఆరు వారాల్లో, అంటే సంక్రాంతి నాటికి ఇస్తామన్న బండి మార్చి రెండో వారంలో చేతికి వచ్చింది. 1,40,000 అన్న ఖర్చు 1,72,000 అయింది. పెరిగిన ప్రతి రూపాయికీ పాత సామానును సంచిలో వేసి చూపించారు గానీ, బిల్లు మాత్రం ఇవ్వలేదు, లెక్కంతా నోటు పుస్తకంలోనే ఉంటుంది. వైరింగు పని బయటి మనిషికి అప్పగించడంతో, ఎడమ ఇండికేటరు రెండోరోజే ఆగిపోయింది, పెట్రోలు ముల్లు అసలు కదలనే లేదు. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కోసం వాళ్లను అడిగి లాభం లేదు. 15 ఏళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్లకోసారి చేయించవలసిన ఆ పనికి ఆర్టీఏ కార్యాలయం చుట్టూ మనమే తిరగాలి.

రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మన్ననూరు దగ్గర శ్రీశైలం వెళ్లే అడవి దారి మూసి ఉంటుంది కాబట్టి, తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి కడ్తాల్, ఆమనగల్, డిండి మీదుగా నిదానంగా వెళ్లాం. ముల్లు పనిచేయని బండితో నల్లమలలోకి వెళ్లడం మంచిది కాదు గనుక, దారిలోనే ట్యాంకు నింపుకుని కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటూ నడిపాను. లీటరుకు పన్నెండు వచ్చింది. అమ్రాబాద్ అడవిలో మలుపుల దగ్గర బండి ఒక్కసారి కూడా పక్కకు లాగలేదు. ఈగలపెంట దాటి కృష్ణ వైపు దిగే ఘాట్‌లో, "గేరు మీదనే దించండి, బ్రేకు మీద కాలు పెట్టి కూసోవద్దు" అన్న ఉస్తాద్ మాట ప్రకారం రెండో గేరులో దించాను. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న ఈ కారులో పెడల్ తొక్కుతూనే దిగితే, డ్రమ్ములు వేడెక్కి పట్టు తప్పుతాయి. లింగాలగట్టు వంతెన దగ్గర ఆపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉన్నాయంతే, కాలిన వాసన లేదు.

మల్లన్న దర్శనం చేసుకుని తిరిగి వస్తూ, మధ్యాహ్నం ఒంటిగంటకు ఈగలపెంట వైపు ఎక్కుతుండగా ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎండకూ ఇంజిన్ వేడికీ పైపులోని పెట్రోలు ఆవిరై, పంపు దాన్ని లాగలేకపోవడం ఈ బండ్లకు తెలిసిన జబ్బే. పంపు మీద తడి తువ్వాలు చుట్టి ఇరవై నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టయింది. సంక్రాంతికి బండి ఇచ్చి ఉంటే చల్లటి రోజుల్లో వెళ్లేవాళ్లం, ఆ ఇబ్బంది ఉండేది కాదు. ఎనభయ్యేళ్ల మనిషిని రోడ్డు పక్క ఎండలో కూర్చోబెట్టవలసి రావడం నాకు కష్టంగానే అనిపించింది. నాన్నగారు మాత్రం బయలుదేరినప్పటి నుంచీ మరో విషయం మీదే చెవి పెట్టి ఉన్నారు. "టప్పెట్ల చప్పుడు అసలు వినబడటం లేదురా, మరీ బిగించేశారేమో చూపించు" అన్నారు. ఇంజిన్ వాల్వులను తెరిచే ఆ టప్పెట్ల చప్పుడు లేకపోవడం మంచిదే కదా అనుకున్నాను నేను.

మొదటి అయిదు వందల కిలోమీటర్ల తరువాత హెడ్డు (ఇంజిన్ పైభాగం) బోల్టులు మళ్లీ బిగించాలి గనుక, ఆ సోమవారమే బండిని షెడ్డుకు తీసుకెళ్లాను. నాన్నగారి మాట చెప్పగానే ఉస్తాద్ కవరు విప్పి, వాల్వుల దగ్గరి సందును కొలిచే పలుచని రేకు అయిన ఫీలర్ గేజి పెట్టి చూశారు. రెండు వాల్వుల దగ్గర అది దూరలేదు. అలాగే ఇంకొన్నాళ్లు నడిపితే వాల్వులు పూర్తిగా మూసుకోక కాలిపోయేవని ఆయనే ఒప్పుకుని, ఎనిమిదింటినీ సరిచేసి, పెట్రోలు పైపు ఇంజిన్‌ను ఆనుకుని వెళ్లే చోట వేడి తగలకుండా తొడుగు వేశారు. రెండింటికీ డబ్బు తీసుకోలేదు. పెట్రోలు ముల్లు కోసం వచ్చే వారం రమ్మన్నారు.